మొదటి ముక్కకు ముందు

భోజనాల బల్ల. నాలుగు వైపులా పేకముక్కలు, కొన్ని పరిచి, కొన్ని బోర్లా. బావ, మరదలు.

"అక్కడ ముట్టుకోకు."

"ముట్టుకోలేదు బావా. పళ్ళెం పెట్టడానికి కాస్త చోటు చేస్తున్నాను."

"చోటు చెయ్యకు. పళ్ళెం వంటింట్లో పెట్టు."

"వంటింట్లో గట్టు దగ్గర నిలబడి ఎన్నాళ్ళు తింటావు? బల్లంటూ ఉన్నది కూర్చుని తినడానికేగా."

"నిలబడితే తొందరగా అయిపోతుంది."

"తొందరగా అయిపోయి ఏం చేస్తావు?"

"పళ్ళెం కడుగుతాను."

"కడిగి?"

"చిన్నీ, నీ బస్సు ఎన్నింటికి?"

"మాట మార్చకు. సాయంత్రానికి. ఎక్కేలోపు ఈ బల్ల ఖాళీ చేసి వస్తానని మా ఆయనకి చెప్పాను."

"నా బల్లతో మీ ఆయనకేం పని?"

"ఆయనకి లేదు, నాకుంది. అక్క చనిపోయిన ఆదివారం ఎలా వదిలేశామో అలాగే ఉంది. పొద్దున నువ్వు స్నానానికి వెళ్ళినప్పుడు చుట్టూతా గుడ్డ పెట్టి తుడిచాను. నల్లగా వచ్చింది."

"తెలుసు."

"ఏం తెలుసు?"

"తుడిచావని. పోస్ట్‌మాస్టరుగారు వేసిన ఆ ఆటీను ఐదు కొంచెం వంకరగా ఉండేది. ఇప్పుడు తిన్నగా ఉంది."

"అబ్బ. ఈ కళ్ళతోనేనా పిల్లల కాపీలు పట్టుకునేవాడివి?"

"వాళ్ళు నీకంటే నయం. తిన్నగా సర్దేవాళ్ళు కాదు."

"నవ్వావు. ఇన్నాళ్ళకి."

"నవ్వలేదు."

"సరే, నవ్వలేదు. బావా, నా మాట విను. ఆట అయిపోయింది."

"అవలేదు. మొదలవలేదు. బ్రిడ్జిలో ఎన్ని గెలుస్తామో చెప్పుకునే పాట అయింది, అంతే. మీ అక్క ఒక నో ట్రంప్ అంది. నేను మూడు నో ట్రంప్ అన్నాను. అంటే తురుపు లేకుండా తొమ్మిది ట్రిక్కులు గెలుస్తామని మాటిచ్చాం. పోస్ట్‌మాస్టరుగారు నీ జట్టుగా ఆటీను ఐదు వేశారు. నేను డమ్మీని కాబట్టి నా ముక్కలు బల్ల మీద పరిచాను. ఆ తర్వాత ఎవరూ ఏ ముక్కా వెయ్యలేదు."

"నాకెందుకు పాఠం చెప్తావు? నేనూ కూర్చునే ఉన్నానుగా ఈ కుర్చీలో."

"నీకు కాదు. నాకు నేను చెప్పుకుంటున్నాను. రోజూ ఇక్కడి దాకా చెప్పుకుంటాను."

"ఇక్కడి దాకా చెప్పుకుని?"

"వంటింట్లోకి వెళ్తాను."

"ఒకటి అడగనా? కోప్పడకూడదు."

"ఎప్పుడు కోప్పడ్డాను?"

"అక్క పెళ్ళయిన కొత్తలో, నాకు లెక్కలు చెప్తానని కూర్చోబెట్టి."

"అది కోపం కాదు. నిరాశ."

"అదే అడుగుతున్నాను. ఇవెందుకు ఉంచావు? జ్ఞాపకానికైతే అక్క కళ్ళజోడుంది, గొడుగుంది, అది మందుల షాపులో వేసుకునే తెల్లకోటుంది. ఈ పేక ఎందుకు? ఇది పోస్ట్‌మాస్టరుగారి పేక కూడాను."

"జ్ఞాపకానికి కాదు."

"మరి?"

"టీ చల్లారిపోతోంది నీది."

"చల్లారనీ."

"ఒకటి తెలుసుకోవాలి."

"ఏంటది?"

"ఆ సేపు మీ అక్క ఆలోచిస్తోందా లేదా అని."

"ఏ సేపు?"

"ఏ సేపో నీకు తెలుసు. నేను ముక్కలు పరిచాక, చేతిలో ముక్కలు పట్టుకుని తల కాస్త వంచుకుని కూర్చుంది చూడు. ఆ సేపు."

"ఆలోచిస్తోంది. ఇంకేం చేస్తుంది?"

"నువ్వూ అదే అనుకున్నావు. నేనూ అదే అనుకున్నాను. పోస్ట్‌మాస్టరుగారు అనుకోలేదు."

"ఆయనేమీ అనలేదుగా."

"అన్నాడు. 'అమ్మా' అన్నాడు. ఒంట్లో బావుందా అని అడగబోయాడు. 'అమ్మా' దగ్గరే నేను చెయ్యెత్తాను."

"నాకు గుర్తు లేదు."

"గుర్తుంది నీకు. 'ఆలోచించుకోనివ్వండి, తొందరపెట్టకండి' అన్నాను. నేను. డమ్మీని. ముక్కలు పరిచాక డమ్మీకి నోరు లేదు, చిన్నీ. నా వైపు ముక్కలు కూడా మీ అక్కే ఆడాలి. ఏది వెయ్యాలో అది అడగాలి, నేను తీసి వెయ్యాలి. అంతకు మించి ఒక్క మాట అనడానికి వీల్లేదు. ఆ ఒక్క మాటా అన్నాను. అన్నది ఎందుకూ అంటే, అడగబోయినవాడి నోరు మూయించడానికి."

"నీకెలా తెలుస్తుంది బావా? అది ఎప్పుడూ అలాగే కూర్చునేదిగా. మొదటి ముక్కకి ముందే ఆలోచించాలి, తర్వాత కాదు అని చెవిలో ఇల్లు కట్టుకుని చెప్పింది నువ్వేగా."

"నేనే."

"తిట్టి చెప్పావని అనట్లేదు. బాగా చెప్పావు, అది బాగా నేర్చుకుంది."

"కొత్తలో గబగబా అడిగేసేది. గెలిచేవి లెక్కపెట్టు, పోయేవి లెక్కపెట్టు, తక్కువైనవి ఎక్కణ్ణుంచి తెచ్చుకోవాలో చూసుకో, అప్పుడు నోరు తెరువు అన్నాను. అంతే. మళ్ళీ చెప్పనవసరం రాలేదు."

"కష్టమైన చెయ్యి వచ్చిందంటే అది ఆలోచిస్తుంటే నువ్వు వెళ్ళి టీ పెట్టుకొచ్చేవాడివి. నేను ఓసారి స్వెట్టరు చెయ్యి మొత్తం అల్లేశాను."

"కింది పెదవి రెండు వేళ్ళతో పట్టుకునేది."

"లెక్క తేలగానే ముక్కలన్నీ టకటక బల్ల మీద కొట్టి సర్దుకుని, కళ్ళజోడు పైనుంచి చూసి..."

"'మాస్టారూ, ఆ చిన్నది' అనేది."

"ఇంట్లో ఎప్పుడూ అలా పిలవలేదు నిన్ను. ఈ బల్ల దగ్గరే."

"ఈ బల్ల దగ్గరే."

"బావా."

"ఆ రోజు పెదవి పట్టుకోలేదు. అది నేను చూశాను. ఎదురుగా కూర్చున్నవాణ్ణి. పెదవి ఒక పక్కకి జారినట్టుంది. వెలుతురు అటునుంచి వస్తోంది కదా, నీడ అనుకున్నాను."

"ఊరుకో."

"డాక్టరు ఏమన్నాడో విన్నావుగా."

"ఏమీ అనలేదు ఆయన."

"'వెంటనే తీసుకొచ్చుంటే' అన్నాడు. నా మొహం చూసి ఆపేశాడు. పరీక్షలో ఇచ్చేవాణ్ణి కదా, ఖాళీలు పూరించండి అని. అలా వదిలేశాడు. నేను రోజూ పూరించుకుంటున్నాను."

"దానికీ ఈ ముక్కలకీ ఏం సంబంధం?"

"వీటికే ఉంది. ఆ కుర్చీ ముందు బోర్లా ఉన్నాయే, అవి మీ అక్కవి. కింద పడితే నువ్వే ఏరి పెట్టావు. అవి నేనింకా చూడలేదు. నావి అందరికీ కనబడుతూనే ఉన్నాయి. ఆ రెండూ కలిపి చూస్తే చెయ్యి కష్టమైనదో తేలికైనదో తెలుస్తుంది. కష్టమైనదైతే మీ అక్క ఆలోచిస్తోంది. ఆలోచిస్తున్న మనిషిని కదపొద్దనడం తప్పు కాదు."

"తేలికైనదైతే?"

"తేలికైన చేతికి మీ అక్క ఎప్పుడూ ఆలస్యం చెయ్యలేదు."

"ఇన్నాళ్ళూ ఎందుకు చూడలేదు మరి?"

"నువ్వయితే చూస్తావా?"

"ఏమో."

"ఆ కుర్చీ దాకా వెళ్తాను. ఆట నడుస్తుండగా డమ్మీ అటు తొంగిచూడకూడదు అనుకుంటాను. వెనక్కొస్తాను. మంచి వంక దొరికింది."

"ఇవాళ చూద్దాం. నేనుండగా."

"నీ బస్సు."

"బస్సు ఎక్కడికీ పోదు, రేపూ వస్తుంది. కూర్చో. అక్కడ కాదు, నీ కుర్చీలో కూర్చో. కష్టమైన చెయ్యే బావా అది. నాకు తెలుసు."

"ఎలా తెలుసు?"

"చెప్తాను. తిట్టకు. ఆట అవలేదన్నావు కాబట్టి ఇన్నాళ్ళూ నేనూ చెప్పలేదు."

"ఏంటి?"

"డైమను రాణి నా దగ్గరుంది."

"నీ దగ్గరా?"

"నువ్వు పరిచినవాటిలో చూడు. డైమను ఆసు, రాజు, జాకీ, ఇంకో రెండు చిన్నవి. రాణి లేదు. ఆ రాణి ఎవరి దగ్గరుందో అక్క వెతుక్కుంటోంది. వెతుక్కుంటోందని నాకు తెలుసు. చిన్నప్పట్నుంచి నేను అబద్ధం చెప్తే దానికి మొహం చూడగానే తెలిసిపోయేది. చక్కెర డబ్బా ఖాళీ అయితే అమ్మ మా ఇద్దర్నీ అడిగేది, అది మాత్రం నా మొహం వంక చూసేది, అంతే. అందుకని ఆ రోజు తల దించేసుకున్నాను. రాణి ఉన్నట్టు మొహంలో కనబడకూడదని నా ముక్కల వంకే చూస్తూ కూర్చున్నాను. దాని వంక చూడనే లేదు."

"చూడలేదా?"

"చూళ్ళేదు. నువ్వు బల్లకి అవతల ఉన్నావు. నేను పక్కన ఉన్నాను, చెయ్యి చాపితే తగిలేంత దగ్గర. చూసుంటే నీకంటే ముందు నాకు తెలిసేది. కాబట్టి తప్పంటూ ఉంటే అది నాది బావా. నీది కాదు, పోస్ట్‌మాస్టరుగారిదీ కాదు. ఒక పేకముక్క కోసం."

"ఈ మాట ఎవరితోనైనా అన్నావా?"

"మా ఆయనతో కూడా అనలేదు."

"ముక్కల్లోకే చూస్తున్నావు. అంతసేపూ."

"అంతసేపూ."

"సరే."

"సరే అంటే?"

"సరే అంటే సరే. మీ అక్కవి తిప్పు, చూద్దాం."

"నువ్వు తిప్పు."

"ఏరి పెట్టింది నువ్వేగా. నువ్వు తిప్పు."

"ఇద్దరం తిప్పుదాం. నువ్వు సగం, నేను సగం. ఇలా. ఏమున్నాయో చెప్పు."

"ఇస్పేటు ఆసు, ఎనిమిది, ఐదు, మూడు. ఆటీను ఆసు, ఆరు, రెండు. డైమను..."

"డైమను?"

"తొమ్మిది, నాలుగు, మూడు. కళావరు ఆసు, జాకీ, ఏడు."

"ఏంటి, అలా ఆగిపోయావు?"

"ఏం లేదు. ఆటీను ఆసు మూల మడత పడింది. కింద పడ్డప్పుడు అనుకుంటా."

"మంచి చెయ్యే కదా?"

"మూడు ఆసులు. మీ అక్క మురిసిపోయి ఉంటుంది. మొహంలో పెట్టదుగానీ."

"నాలాంటిదైతే కుర్చీలో ఎగిరేది."

"నీకు ఆసులక్కర్లేదు. రంగు బొమ్మలు నాలుగు కనబడితే చాలు, లెక్కా డొక్కా లేకుండా నో ట్రంప్ అనేస్తావు. మీ అక్క అలా కాదు. ఆసుకి నాలుగు, రాజుకి మూడు, రాణికి రెండు, జాకీకి ఒకటి, కూడుకుని పదిహేను వస్తేనే నోరు విప్పేది. షాపులో మందు తూచినట్టు."

"ఓసారి పద్నాలుగుతో అనవే అని బతిమాలాను. చచ్చినా అననంది. ఛ. ఏం మాట పడితే ఆ మాట వస్తోంది నాకు."

"పర్లేదు. అనేది కదా ఆ మాట."

"నాకు లెక్కలు రావని నీ దగ్గరే తేలిపోయిందిగా. నువ్వు చెప్పు. ఈ చెయ్యి ఎలా ఆడాలి? అక్క బదులు ఆలోచించు."

"మీ అక్క బదులా."

"మొదటి ముక్కకి ముందు. గెలిచేవి లెక్కపెట్టు అంటావుగా."

"ఇస్పేట్లలో ఆసు మీ అక్క దగ్గర, రాజూ రాణీ నా దగ్గర. మూడు. ఆటీను ఆసు, నాలుగు. కళావరు ఆసు, ఐదు. డైమన్లలో నా ఆసు, రాజు. ఏడు."

"కావల్సింది తొమ్మిది."

"రెండు తక్కువ. అవి డైమన్లలోంచే రావాలి. నా దగ్గర ఐదున్నాయి. ఆ రాణి ఒక్కటి వదిలిపోతే మిగతా చిన్నవి కూడా గెలుస్తాయి."

"రాణి నా దగ్గరుంది కాబట్టి అదే గెలుస్తుంది."

"ఒకసారి గెలుస్తుంది. గెలవనివ్వాలి."

"గెలిచి నేనేం చేస్తాను?"

"ఏం చేస్తావో నువ్వు చెప్పు. మీ పోస్ట్‌మాస్టరుగారు మొదట ఏం వేశారు?"

"ఆటీను. ఆయన దగ్గర ఆటీన్లు ఎక్కువున్నాయి. అయితే నేనూ మళ్ళీ ఆటీనే వేస్తాను ఆయనకి."

"వేస్తే ఆయన మిగతా నాలుగూ వరసగా గుంజుకుంటారు. ఆట పోతుంది."

"మరి అక్క దగ్గర ఆటీను ఆసుందిగా?"

"మొదట్లోనే వాడేస్తే ఎలా ఉంటుంది? అదే కదా తొందరపడేవాళ్ళు చేసేది. ఆయన ఐదు వేశారు, నా దగ్గరవి ఎందుకూ పనికిరానివి, నువ్వు ఓ పెద్దది వేస్తావు, మీ అక్క దగ్గర ఆసుంది. ఎవరైనా ఏం చేస్తారు? ఆసు పడేస్తారు."

"నేనయితే పడేస్తాను."

"అక్కడే ఆట పోతుంది. ఆసు దాచుకోవాలి. మొదటిసారి ఓడిపోవాలి. రెండోసారి కూడా ఓడిపోవాలి. మూడోసారి వెయ్యాలి. నీ దగ్గర ఆటీన్లు ఎన్ని?"

"మూడే."

"ఆ మూడూ అయిపోతాయి. ఆ తర్వాత నీ రాణి గెలిచినా ఆయనకి అందించడానికి నీ దగ్గర ఆటీను ఉండదు. ఆయన గెలిచే ముక్కలన్నీ చేతిలో పెట్టుకుని చూస్తూ కూర్చోవాలి."

"రాణి ఆయన దగ్గరుందేమో అని అక్కకి అనుమానం రాదూ?"

"వస్తుంది. ఆయన దగ్గరుంటే నా జాకీతో గెలవచ్చు. నీ దగ్గరుంటే ఓడిపోయినా నష్టం లేదు. ఎటు చూసినా సరిపోతుంది. కానీ ఆసు ముందే పడేస్తే ఏదీ సరిపోదు."

"గెలిచే ముక్క చేతిలో పెట్టుకుని రెండుసార్లు ఓడిపోవాలి."

"అదే కష్టం. అదంతా మొదటి ముక్కకి ముందే కనబడాలి. తర్వాత కనబడితే ఏం లాభం."

"చూశావా మరి. చూశావా బావా. ఇదీ అది ఆలోచిస్తున్నది."

"ఆసు దాచుకోవడం పోస్ట్‌మాస్టరుగారికి ఇష్టమైన ఎత్తు."

"అందరికీ తెలిసిందేగా."

"నీకు తెలియదు. ఎన్నిసార్లు చెప్పినా ముందే పడేసేదానివి. ఆయన ఫోన్ చేస్తున్నాడా?"

"ఎవరు?"

"పోస్ట్‌మాస్టరుగారు."

"నిన్న చేశాడు. నీ గురించే. తింటున్నాడా, పడుకుంటున్నాడా అని. ఇంటికి రావడానికి మొహం చెల్లట్లేదట."

"ఆయనకెందుకు చెల్లదు?"

"నువ్వు చెయ్యెత్తినా తను అడగాల్సిందట. ఫోన్లో అదే మాట పదేపదే అన్నాడు పాపం. ఎందుకులే. ఇప్పుడు నాతో ఒక మాట అను."

"ఏమని?"

"ఇది ఆలోచించాల్సిన చెయ్యి అని."

"ఇది ఆలోచించాల్సిన చెయ్యే."

"అక్క ఆలోచిస్తోంది అని."

"నువ్వు ఏడుస్తున్నావు."

"ఏడవట్లేదు. అను."

"ఈ ముక్కలు చేతిలో ఉంటే ఎవరైనా ఆలోచిస్తారు."

"ఆయన్ని ఆపడం తప్పు కాదు అని."

"చిన్నీ."

"అనవూ? అదొక్కటీ అను. అంటే నేను నిశ్చింతగా బస్సెక్కుతాను."

"ఆలోచిస్తున్న మనిషిని కదపొద్దనడం తప్పు కాదు."

"హమ్మయ్య. ఇవాళ కూర్చుని తింటావు."

"తింటాను."

"నాకెదురుగా. ఈ బల్ల మీద."

"సరే అన్నానుగా."

"అయితే ముక్కలు తీసేస్తున్నాను. ఇవి పోస్ట్‌మాస్టరుగారివి. ఇవి నావి. మొత్తం కలిపేసి డబ్బాలో పెట్టి, దారిలో ఆయన ఇంట్లో ఇచ్చేస్తాను. ఆయన పేక ఆయనకే ఉంటుంది."

"నీవి కలపకు ఇంకా."

"ఏం?"

"డైమను రాణిని తియ్యి అందులోంచి."

"ఎందుకు? జ్ఞాపకానికా?"

"కాదు. దాన్ని మీ అక్క ముక్కల్లో పెట్టు. అక్కణ్ణుంచి డైమను మూడు తీసి నీ వాటిల్లో పెట్టుకో."

"ఎందుకలా?"

"మూడు ఆసులకి ఎంత?"

"బావా, నాకు లెక్కలు..."

"ఆసుకి నాలుగు. మూడు ఆసులకి ఎంత?"

"పన్నెండు."

"జాకీకి ఒకటి."

"పదమూడు."

"మీ అక్క నో ట్రంప్ అంది."

"పదిహేను వస్తేనేగా అది..."

"రాణికి రెండు. అది వచ్చి చేరితే సరిగ్గా పదిహేను."

"పొద్దున ముక్క మార్చినప్పుడు నాకు తట్టలేదు. నాకు గాని, ఆయనకి గాని తట్టనేలేదు బావా."

"ఆయన రాకుండా ఫోన్లో చెప్పాడు కాబట్టి తట్టలేదు. బల్ల చూసుంటే తట్టేది."

"ఎప్పుడు తెలిసింది నీకు?"

"తిప్పగానే."

"మరి అంతసేపూ ఎందుకు ఆడావు నాతో? ఆసు దాచుకోవాలి, రెండుసార్లు ఓడిపోవాలి అని."

"ఇద్దరూ కలిసి అంత కష్టపడి పేర్చారు. సగంలో లేచిపోతే బావుండదు. పైగా చక్కటి చెయ్యి అది. మీ అక్క చూసుంటే సంతోషించేది."

"తేలికైన దానికి కూడా ఒక్కోసారి ఆలోచించొచ్చు. ఎవరు చూడొచ్చారు? ఆ రోజు ఎండ ఎక్కువగా ఉంది, అలిసిపోయి ఉండొచ్చు, లేకపోతే..."

"రాణిని పెట్టి లెక్కపెట్టు. డైమన్లే ఐదు. ఇస్పేట్లు మూడు, ఆటీను ఒకటి, కళావరు ఒకటి. పది. కావల్సినవి తొమ్మిదే. మాత్రలు లెక్కపెట్టి పొట్లం కట్టినంత సేపు కూడా పట్టదు మీ అక్కకి."

"నన్ను క్షమించు బావా."

"దేనికి? నీ దగ్గర రాణి లేదు. మొహంలో దాచుకోవాల్సిందేమీ లేదు నీకు. నువ్వు తల దించుకోలేదు, మీ అక్క వంకే చూస్తున్నావు. నేను చూశాను నిన్ను. ఆ మాట ఇంకెప్పుడూ అనకు, నీ మనసులో కూడా అనుకోకు."

"నేనూ ఆలోచిస్తోందనే అనుకున్నాను. నిజంగా."

"తెలుసు."

"ఆయనకి ఏం చెప్పను?"

"రమ్మను. ఆదివారం. 'అమ్మా' అన్నవాడు ఆయనొక్కడే. మొహం చెల్లకపోతే నాకు చెల్లకూడదు."

"రాణిని పెట్టేశాను. మూడు తీసేశాను. అక్కవి సర్దేశాను. ఇప్పుడు అన్నీ తీసెయ్యనా? ఇంకేం ఉంది తెలుసుకోవడానికి?"

"ఏం లేదు. మీ మూడు చేతులూ తీసెయ్యి. నావి ఉండనీ."

"నావి ఉండనీ అంటే? మళ్ళీ వంటింట్లోనా?"

"కూర్చునే తింటాను. పక్కకి జరిగి తింటాను. పరిచినవి పరిచినట్టు ఉండనీ."

"ఎందుకు బావా? అవి ఇంకెవరికి?"

"ఆటీన్లు నా దగ్గర రెండే ఉన్నాయి చిన్నీ. ఎనిమిదీ, మూడూ. ఏదడిగినా ఒకటే. మీ అక్క ఇంకా అడగలేదు."